రానివాళ్ళ బిళ్ళలు

బి.ఎ. పాసయ్యాను

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నేను బి.ఎ. పాసయ్యాను. సైకాలజీతో, సెకండ్ క్లాసులో. ఇది జరిగి చాలా ఏళ్ళయింది, ఆ చదువుతో ఉద్యోగం చేసి రిటైరు కూడా అయ్యాను. అయినా ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలెవరైనా నాలుగు మాటలు చెప్పమని అడిగితే ముందు ఇదే చెబుతాను. వాళ్ళు అడిగేది ఇది కాదని తెలుసు.

మా ఇంట్లో నాకు ముందు ఎవరూ కాలేజీ మొహం చూడలేదు. మా నాన్న అప్పలస్వామి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకి రివెట్లు కొట్టేవాడు. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి, అందువల్ల మాట రెండింతలు గట్టిగా వచ్చేది. పరీక్ష ఫలితం నేను ఆయనొక్కడికే చెప్పాను. "పాసైపోనావేటి?" అని ఆయన అడిగాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే పేటలో నాలుగు సందులకి తెలిసింది.

సాయంత్రానికి జనం వచ్చారు. ఎదురింటి ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏటి సదివినావే?" అంది.

"మనసు గురించి, మామ్మా."

"మనసుకేటయినాది?"

"ఏమీ అవలేదు. అయినా చదవొచ్చు."

ఆవిడ కాలు చాపి, "మరయితే నా మోకాలు సూడు" అంది.

ఆ తర్వాత శిక్షణకని రాంచీ వెళ్ళి ఏడాది ఉన్నాను. మా ఊళ్ళో రాంచీ అంటే ఒకటే అర్థం, పిచ్చాసుపత్రి. నాకు పిచ్చెక్కిందని సందులో సగం మంది అనుకున్నారు, అంత చదివితే ఎక్కదా అని మిగతా సగం మంది అనుకున్నారు. ఏడాదంతా మా అమ్మని ఓదారుస్తూ గిన్నెలతో కూరలు పంపారు. అమ్మ మొదట్లో నిజం చెప్పింది. ఎవరూ నమ్మకపోయేసరికి గిన్నెలు కడిగి తిరిగి పంపడం మొదలుపెట్టింది.

మాత్రలు చేసేది, చెయ్యనిది

తిరిగి వచ్చాక, తాల్‌బగీచా వైపు ఒక ధర్మసంస్థ నడిపే చిన్న మానసిక వైద్యశాలలో ఉద్యోగం దొరికింది. అరవైల నాటి మాట. అక్కడ ఉన్నవాళ్ళం ముగ్గురం. అందరూ డాక్టర్ బాబు అని పిలిచే బెంగాలీ డాక్టరు, రిజిస్టరు రాసే హరిపద, నేను. రోగులు నన్ను దీదీ అనేవారు. మా నాన్న వయసువాళ్ళు కూడా దీదీ అనేవారు.

డాక్టర్ బాబు మంచి డాక్టరు, కానీ మాట్లాడేది ఒకే మాట. "ఆచ్ఛా." దాన్ని మూడు రకాలుగా అనేవాడు. పొట్టిగా అంటే సరే అని. సాగదీస్తే నమ్మలేదని. కళ్ళద్దాలు తీసి అంటే మనం వెళ్ళి మళ్ళీ ఆలోచించుకుని రావాలని. నేను రాంచీలో ఏడాదిపాటు నేర్చుకున్నదానికంటే మూడో ఆచ్ఛాల దగ్గర నేర్చుకున్నది ఎక్కువ.

అప్పటికి కొత్త మాత్రలు వచ్చాయి. అవి చెవిలో వినిపించే గొంతుల్ని ఆపేవి. గొంతులు ఆగాయి కాబట్టి ఇక మనిషి లేచి, స్నానం చేసి, పనికి వెళ్తాడని ఇంట్లోవాళ్ళు ఎదురుచూసేవారు. మనిషి లేచేవాడు కాదు. గోడ చూస్తూ కూర్చునేవాడు. భయం పోయింది, దానితోపాటు కోరికా పోయింది. కేకలు వేసిన రోజుల్లో జాలిపడ్డ చుట్టాలే ఇప్పుడు బద్ధకం అనేవారు. ఈ వృత్తిలో మీ సగం పోరాటం ఆ మాటతోనే ఉంటుంది. బద్ధకస్తుడికి పని తప్పించుకున్న సుఖం ఉంటుంది. వీళ్ళకి అది కూడా ఉండదు. మనిషి సుఖంగా ఉన్నాడో లేదో చూడండి, తేడా తెలిసిపోతుంది.

అలాంటివాళ్ళలో ఒకరు సింహాచలం. వర్క్‌షాపులో ఫిట్టరు, మా ఇంటికి రెండు సందుల అవతల ఉండే మనిషి. ఏడాదిన్నర కింద వ్యాగన్లు తన గురించి మాట్లాడుకుంటున్నాయని పని మధ్యలో బయటికి వచ్చేశాడు. మాత్రలతో వ్యాగన్లు మాట్లాడ్డం మానేశాయి. ఆయనా మానేశాడు. సెలవులన్నీ అయిపోయాయి. ఎనిమిది వారాల్లో మెడికల్ బోర్డు ముందుకి రమ్మని కాయితం వచ్చింది. పనికి తగడని బోర్డు తేలిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు క్వార్టరు పోతుంది. భార్య పైడమ్మ, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు ఎక్కడికి వెళ్ళాలో ఎవరికీ తెలియదు. సింహాచలం రోజూ వైద్యశాలకి వచ్చి ఎలా ఉంటున్నాడో, ఏం చెయ్యగలుగుతున్నాడో బోర్డు మా దగ్గర రిపోర్టు అడిగింది. రాయాల్సింది నేను.

వాళ్ళింటికి వెళ్ళాను. పైడమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"సత్తెమ్మా, నువ్వు కాయితంలో ఏటి రాస్తావో అదే మా బతుకు."

"ఉన్నది రాస్తాను వదినా."

"ఉన్నదేటో సూసి సెప్పు ముందు." లోపలికి చూపించింది. సింహాచలం మంచం మీద, కాళ్ళు కింద పెట్టి, తల వంచుకుని ఉన్నాడు. "పొద్దున్న అలగే కూకున్నాడు. నాను నీళ్ళకెల్లినాను, వొంట సేసినాను, గుంటల్ని బడికి పంపీసినాను. అలగే ఉన్నాడు. ఆ మంచమేనా లెగిసి నడుస్తాదేమో గానీ ఈయన లెగడు."



పుస్తకంలో ఉన్న ప్రశ్న

వైద్యశాల వెనక ఖాళీగా పడివున్న సామాన్ల షెడ్డుని నాకిచ్చారు. ఇలా గోడ చూసేవాళ్ళని పన్నెండు మందిని పోగు చేసి, పొద్దున్న రెండు గంటలు అక్కడ కూర్చోబెట్టి, మందుల మాత్రలు వేసే కాయితం కవర్లు అంటించడం పనిగా పెట్టాను. పని చేసిన ప్రతివాడికీ ఒక బిస్కెట్టు. చేసినదానికి వెంటనే ఏదైనా ఇస్తే మళ్ళీ చేస్తాడని పుస్తకంలో ఉంది. మనిషికి ఏం కావాలో కనుక్కుని, దాన్ని ఎదురుగా పెట్టాలని కూడా ఉంది. అందుకని ఒక్కొక్కరినీ అడిగాను.

"మీకేం కావాలి, సింహాచలం గారూ?"

"ఏటొద్దు."

"కొంచెం ఆలోచించి చెప్పండి."

ఆలోచించాడు. "నిజింగానే ఏటొద్దు దీదీ."

పన్నెండు మందిలో పదకొండు మంది అదే అన్నారు. పన్నెండోవాడు ఇంటికెళ్ళాలన్నాడు. పైడమ్మతో ఈ మాట చెబితే నవ్వింది. "ఆయనకేటి గావాలో పదేళ్ళు కాపరం సేసి నానే కనిపెట్టలేదు. నువ్వు వారంలో కనిపెట్టీద్దామనే?"

బిస్కెట్లూ పనిచెయ్యలేదు. సింహాచలానికి ఒకటిస్తే పక్కవాడి చేతిలో పెట్టి మళ్ళీ తల వంచుకునేవాడు. నేను నోట్సులో, "తిండి మీద ఆసక్తి లేదు" అని రాసుకున్నాను. ఎదురుగా జరిగినది వదిలేసి జరగనిది రాసుకోవడం చదువుకున్నవాళ్ళకి సులభంగా అబ్బుతుంది.

ఇంకో తప్పు కూడా చేశాను. "నా సేతికి పని రాదు దీదీ. పోనాది" అని సింహాచలం ఒకసారి అన్నాడు. నేను ముప్పావుగంట వాదించాను. పని ఎందుకు పోదో, చెయ్యి ఎందుకు మరిచిపోదో నాలుగు కారణాలు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అవును, పోనాది" అన్నాడు.

పదమూడు బిళ్ళలు

వారం తిరిగేసరికి షెడ్డుకి వచ్చేవాళ్ళు నలుగురైదుగురు మిగిలారు. ఇంట్లో అన్నం తింటూ నాన్న దగ్గర గోల పెట్టాను.

"నీ షెడ్డుకి బిళ్ళలున్నాయేటి?" అన్నాడు నాన్న.

వర్క్‌షాపులో ప్రతి మనిషికీ నంబరున్న బిళ్ళ ఒకటుంటుంది. పొద్దున్న గేటు దగ్గర బోర్డు మీదున్న తన బిళ్ళని అవతలికి మారిస్తే పనిలోకి వచ్చినట్టు. ఎనిమిదింటి సైరన్ ఆగేలోపల మారకపోతే రానట్టు.

"బిళ్ళుంటే మనిషి పన్లో ఉన్నట్టు. బిళ్ళ లేకపోతే నువ్వెవులివో గేటుకాడోడికి తెల్దు. నీ కాడికి ఒచ్చీవోళ్ళకి అసలు పన్లోకి ఒచ్చినట్టు ఎలగ తెలుస్తాది?"

నాకు ఒళ్ళు పులకరించింది. ఇది పుస్తకాల్లో లేదు. పాత నూనె డబ్బాల రేకు కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్ది, నంబర్లు కొట్టి నాన్న రెండ్రోజుల్లో బిళ్ళలు తయారుచేశాడు. చెక్క మీద మేకులు దిగ్గొట్టి ఎడంపక్క "ఇల్లు" అని, కుడిపక్క "పని" అని రాశాం. సింహాచలానిది ఏడో నంబరు. పన్నెండు చాలంటే నాన్న పదమూడోది కూడా చేశాడు.

"ఇది ఎవరికి?"

"నీకు. నువ్వు మాత్రం పన్లోకెల్లవేటి?"

నేను గ్రాడ్యుయేటుని, రిజిస్టరులో సంతకం పెట్టే మనిషిని. అయినా తండ్రి చేసిచ్చాడని పదమూడో నంబరు కూడా బోర్డు మీద పెట్టి, మళ్ళీ దాని మొహం చూడలేదు.

అప్పటికి డాక్టర్ బాబు దగ్గరికి వచ్చే కొత్త రోగుల వివరాలు రాసుకునే పని కూడా నామీద పడింది. ఎనిమిది నుంచి పది దాకా ముందు గదిలో ఉండేదాన్ని. షెడ్డులో పని మొదలయ్యేదీ ముగిసేదీ సరిగ్గా ఆ సమయంలోనే. హరిపద ఎనిమిదింపావుకి వెళ్ళి, బోర్డు చూసి రిజిస్టరు నింపేవాడు. నేను పది దాటాక వెళ్ళేసరికి నలుగురైదుగురు కనిపించేవారు. మిగతావాళ్ళు పని ముగించుకుని వెళ్ళిపోయారనుకునేదాన్ని. సింహాచలం మాత్రం ఎప్పుడు చూసినా బెంచీ మీద తల వంచుకుని ఉండేవాడు. "ఏ పనీ లేదు" అని రోజూ ఆయన పేరు పక్కన రాసేదాన్ని.

మొదటి రోజు ఆరుగురు హాజరు. మూడో రోజు తొమ్మిదిమంది. ఆ తర్వాత రోజూ పన్నెండుమందీ.

రెండు వారాలు పన్నెండుకి పన్నెండు. డాక్టర్ బాబు కలకత్తా వెళ్ళి ఉన్నాడు, రెండ్రోజుల్లో వస్తాడు. నేను రెండ్రోజులు ఆగలేకపోయాను. పన్నెండుమందీ రోజూ పనిలోకి వస్తున్నారని రెండు పేజీల రిపోర్టు రాసి, కింద పేరు పక్కన బి.ఎ. అని పెట్టి, మెడికల్ బోర్డుకి పంపేశాను. దారిలో పైడమ్మ కనిపిస్తే ఆమెకీ చెప్పాను. ఇంట్లో నాన్నకి చెప్పాను, అంటే నాలుగు సందులకీ చెప్పాను.

డాక్టర్ బాబు వచ్చాక రిపోర్టు నకలు చదివాడు.

"ఈ రెండు వారాల్లో ఎన్ని కవర్లు అంటించారు?"

"నూట పది, సార్."

"పన్నెండుమంది, పన్నెండు పనిరోజులు. మనిషికి రోజుకి ఒక్క కవరు కూడా లేదు."

"వాళ్ళ జబ్బే అది కదా సార్."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఆచ్ఛా."

ఏడున్నర

మర్నాడు పొద్దున్న ఏడున్నరకే వెళ్ళి, షెడ్డు ఎదురుగా ఉన్న మందుల గది కిటికీలో నిలబడ్డాను.

పావు తక్కువ ఎనిమిదికి సింహాచలం వచ్చాడు. ఒక్కడే. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు. ఏడో నంబరు బిళ్ళని కుడిపక్కకి మార్చి బెంచీ మీద కూర్చున్నాడు. తల వంచుకోలేదు. రోడ్డువైపు చూస్తూ ఉన్నాడు. ఇంకో నలుగురు ఒకరి వెనక ఒకరు వచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు మార్చుకున్నారు. వర్క్‌షాపు సైరన్ మొదలైంది. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి అటూ ఇటూ చూశాడు. ఎవరూ రావడం లేదు. వెనక్కి వచ్చి, ఎడంపక్క మిగిలిన బిళ్ళల్ని ఒక్కొక్కటే తీసి, తువ్వాలుతో తుడిచి, కుడిపక్క తగిలించాడు. ఒకటో నంబరు, నాలుగు, ఐదు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు. చివరికి పదమూడు. సైరన్ ఆగింది. ఆయన బెంచీ మీద కూర్చుని తల వంచుకున్నాడు.

నేను షెడ్డులోకి వెళ్ళాను.

"సింహాచలం గారూ, ఈ బిళ్ళలు ఎవరివి?"

"ఆళ్ళవే."

"వాళ్ళు రాలేదు కదా."

"రాలేదు."

"మరి ఎందుకు మార్చారు?"

"సైరన్ అయిపోనాది దీదీ."

పదమూడో నంబరు చూపించి, "ఇది నాది. నేను రోజూ వస్తున్నాను కదా" అన్నాను.

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు. "మీరు ఆ గదికొస్తన్నారు. ఈ గదికి రావట్లేదు. రాలేదని రాసీస్తారేమోనని ఏసీసినాను."

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పని మీద చాలామంది పైవాళ్ళు తనిఖీ చేసి రిపోర్టులు రాశారు. అంత ఖచ్చితంగా మళ్ళీ ఎవరూ రాయలేదు.

మధ్యాహ్నం నాన్నకి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు.

"రైల్వేలో సేరకముందు ఆడూ నానూ ఒక కాంట్రాక్టరు యార్డులో సేసినాం. రాయి లాంటోడు ఆ యార్డు మేస్త్రీ. ఒక్కరోజు రాకపోతే పేరు కొట్టీసీవోడు. అందుకనీసి ఎవుడికేనా ఒంట్లో బాగోకపోతే తోటోడు బిళ్ళ మార్చీవోడు. నాకు జొరం ఒచ్చినప్పుడు నాలుగు రోజులు నా బిళ్ళ ఎవుడు మార్చినాడనుకున్నావు?"

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"బి.ఎ.లో సెప్పుంటారనుకున్నాను."

ఆ రాత్రి నా నోట్సు మొదటినుంచి చదివాను. నెలరోజులుగా నేను ఆయన్ని "మీకేం కావాలి" అని అడుగుతున్నాను. తనకేమీ వద్దని ఆయన నిజమే చెబుతున్నాడు. తన బిస్కెట్టు రోజూ పక్కవాడి చేతిలో పెడుతున్నాడు. కోరిక లేని మనిషి కాదు, ఆ కోరిక ఆయన మంచం దగ్గర లేదు. నేను మంచం దగ్గరే వెతికాను. ఈ పనిలోకి వచ్చే మీకు నేను ఇవ్వగలిగిన మాట ఇదొక్కటే. మనిషి ఏమీ చెయ్యడం లేదని రాసేముందు, మీరు లేనప్పుడు ఏం చేస్తున్నాడో ఒకసారి కిటికీలోంచి చూసి రండి.

కూర్చోవడంలో అనుభవం

మర్నాడు ఎనిమిది కాకముందే షెడ్డులో ఉన్నాను. నా బిళ్ళ నేనే మార్చుకున్నాను. కొత్త రోగుల వివరాలు పది తర్వాత రాస్తానని డాక్టర్ బాబుకి చెబితే పొట్టి ఆచ్ఛా అన్నాడు.

"సింహాచలం గారూ, రానివాళ్ళ బిళ్ళలు ఇక మార్చకండి. మనుషుల్ని తీసుకురండి."

ఒకరోజంతా ఆలోచించాడు. రెండో రోజు సైరన్‌కి ముందు ఎనిమిదో నంబరు మనిషిని మణికట్టు పట్టుకుని తీసుకొచ్చాడు. ఎలా తెచ్చాడని తర్వాత ఆ ఇంట్లోవాళ్ళని అడిగాను. సింహాచలం ఏమీ మాట్లాడలేదట. వెళ్ళి ఆ మనిషి పక్కన మంచం మీద కూర్చున్నాడట. ఇంట్లో గోడ చూసేవాడు ఒకడుంటే భరించవచ్చు, ఇద్దరయ్యేసరికి ఆ ఇంటావిడే ఇద్దర్నీ బయటికి తోసింది. కూర్చోవడంలో ఆయనకున్న అనుభవం ఎవరికీ లేదు.

వారంలో నలుగుర్ని తెచ్చాడు. అప్పుడు మళ్ళీ, "నా సేతికి పని రాదు దీదీ" అన్నాడు. ఈసారి నేను వాదించలేదు.

"నిన్న ఎన్ని ఇళ్ళకి వెళ్ళారు?"

"మూడు."

"మనుషులు వచ్చారా?"

"ఇద్దరొచ్చినారు."

"అది ఎవరు చేశారు?"

తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి ఒక కవరు అంటించాడు. చెయ్యలేనని మనిషి గట్టిగా నమ్మితే మీ కారణాలు పనికిరావు. నిన్న అతను చేసిందే తెచ్చి ఆ నమ్మకం పక్కన పెట్టండి. రోజూ పెట్టండి. నెమ్మదిగా పనిచేస్తుంది, కానీ పనిచేస్తుంది.

ఇదంతా బాగానే ఉంది. నేను పంపిన తప్పుడు రిపోర్టు మాత్రం మెడికల్ బోర్డు దగ్గర కూర్చుని ఉంది. దిద్దుతూ ఇంకోటి రాయాలి. రాస్తే దొంగ హాజరు వేసింది సింహాచలమేనని తెలుస్తుంది. ఉద్యోగానికి పంపాలా వద్దా అని తేల్చే మనుషులు ఆ మాట ఎలా తీసుకుంటారో తెలియదు.

పైడమ్మ మా ఇంటికి వచ్చింది.

"ఆ కాయితం అలగే ఉండనీయే సత్తెమ్మా. ఎవులడిగినారు నిన్ను?"

"తప్పు రాశాను వదినా. పన్నెండుమంది రాలేదు."

"ఆళ్ళు రాకపోతే ఆయనకేటి? ఆయనొచ్చినాడు గదా."

"బోర్డులో ఆయన్ని అడిగితే ఉన్నది చెప్పేస్తాడు. అబద్ధం చెప్పడానికి కావాల్సిన ఓపిక ఆయనకి లేదు."

అది పైడమ్మ కాదనలేకపోయింది. గుమ్మంలో కూర్చుంది. "పదేళ్ళయి ఆ ఇంట్లో ఉన్నాను. గోడకి ఏ మేకెక్కడుందో సీకట్లో సెప్తాను. నీ నిజిం వల్ల పోతే మాత్రం, నీ బి.ఎ. మా గుంటలకి కూడు పెట్టదు" అని లేచి వెళ్ళిపోయింది.

డాక్టర్ బాబుని అడిగాను. ఆయన ఈసారి ఆచ్ఛా అనలేదు. "కిటికీలోంచి చూసింది చూసినట్టు రాయి. బద్ధకస్తుడు రోజూ పావు తక్కువ ఎనిమిదికి వస్తాడేమో వాళ్ళనే తేల్చుకోనీ."

అలాగే రాశాను. నా తప్పు మొదటి పేరాలో పెట్టాను. కింద బి.ఎ. అని రాయలేదు.

బోర్డు

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. సింహాచలానికి తెలుగు తప్ప వేరే భాషలో నాలుగు మాటలు కూడబలుక్కోవడం కష్టం కాబట్టి, మాట అటూ ఇటూ చెప్పడానికి నన్ను రమ్మన్నారు. పైడమ్మ బయట వరండాలో ఉంది. నాతో మాట్లాడలేదు.

మధ్యలో కూర్చున్న పెద్దాయన నా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని పెన్సిల్‌తో ఒకదాన్నీ, తర్వాత రెండోదాన్నీ తట్టాడు. నావైపు చూశాడు. నేను బల్లవైపు చూశాను.

"పనికి వెళ్ళాలని ఉందా?" అని అడిగాడు సింహాచలాన్ని.

నేను తెలుగులో అడిగాను. ఆయన ఎప్పటిలాగే నిజం చెప్పాడు. "ఉందో లేదో తెల్దు. ఎల్తాను."

ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టే చెప్పాను. ఒక డాక్టరు ఏదో రాసుకున్నాడు.

"రానివాళ్ళ హాజరు నువ్వు వేశావా?"

"ఏసినాను."

"ఎందుకు వేశావు?"

సింహాచలం ఆ ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. ఇంత చదువుకున్నవాళ్ళు ఇది అడుగుతున్నారేమిటని ఆయన మొహంలో ఉంది. అలాంటి మొహం ఆయనకి రావడం నేను అప్పటిదాకా చూడలేదు.

"రానోళ్ళకే గదా ఎయ్యాల" అన్నాడు. "ఒచ్చినోళ్ళు ఆళ్ళే ఏసుకుంటారు."

ఇది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. పెద్దాయన పెన్సిల్ కింద పెట్టి, ఇప్పుడు ఎంతమంది వస్తున్నారని అడిగాడు. పదిమంది అని సింహాచలమే చెప్పాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడికి కాలు బాగోలేదు, ఇంకోడు రేపొస్తాడు అని కూడా చెప్పాడు. ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడేసరికి అలిసిపోయి తల వంచుకున్నాడు.

బయటికి పంపి, అరగంట తర్వాత పిలిచారు. బరువుపని వద్దు, పనిముట్లు ఇచ్చే గదిలో తేలికపని మీద వెళ్ళవచ్చు, ఆరునెలల తర్వాత మళ్ళీ చూస్తాం అన్నారు. కాయితంలో చివర ఒక షరతు చేతిరాతతో కలిపారు. ఈ మనిషిని హాజరు తీసుకునే చోట వెయ్యరాదు.

వరండాలో పైడమ్మకి చెప్పాను. "ఇల్లో?" అంది. ఉంటుందన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మొగుడివైపు తిరిగి, "లెగు. ఎండెక్కిపోతంది" అంది. ఆయన లేచాడు.

ఏడో నంబరు

ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు పనిచేశాను. బాగుపడినవాళ్ళున్నారు, మళ్ళీ గోడవైపు తిరిగినవాళ్ళున్నారు. సింహాచలం కూడా రెండుసార్లు తిరిగాడు, రెండుసార్లూ ఆ షెడ్డులో ఆయన తెచ్చిన మనుషులే వెళ్ళి ఆయన మంచం మీద పక్కన కూర్చున్నారు. బోర్డు మళ్ళీ చూసినప్పుడు పని పొడిగించింది. క్వార్టరు రిటైరయ్యేదాకా ఆయన పేరునే ఉంది. దీన్ని నేను నా గొప్పగా చెప్పడం లేదు. నా గొప్ప ఏదో మొదట్లోనే చెప్పాను.

చెప్పాల్సింది ఇంకొక్క ఉదయం గురించి. ఆయన పనిలో చేరిన రోజు. అలవాటు ప్రకారం ఎనిమిదికి ముందే షెడ్డు తెరిచాను. ఒక్కొక్కరూ వచ్చి బిళ్ళలు మార్చుకున్నారు. నేను నాది మార్చుకున్నాను. బెంచీ చివర ఖాళీగా ఉంది. సైరన్ మొదలైంది. ఆయన ఇప్పుడు వర్క్‌షాపు గేటు దగ్గర అసలు బిళ్ళ మారుస్తూ ఉంటాడనుకున్నాను. బోర్డు మీద ఎడంపక్క, "ఇల్లు" అన్న మాట కింద, ఒక్కటే బిళ్ళ మిగిలింది.

దాన్ని తీసి, కొంగుతో తుడిచి, కుడిపక్క తగిలించాను.

రిజిస్టరుతో వచ్చిన హరిపద బోర్డు చూశాడు, బెంచీ చూశాడు, నన్ను చూశాడు.

"దీదీ, ఏడో నంబరు రాలేదు కదా?"

"రాలేదు" అన్నాను. "రానివాళ్ళకే కదా వెయ్యాలి."

హరిపద ఠీక్ హై అంటూ ఏడో నంబరుకి హాజరు రాసుకున్నాడు.